పంచదార మీద స్లాబ్

అమెరికాలో మేముండే రెడ్‌మండ్ నుంచి తెల్లారకముందే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి, కాళ్లకి స్కీలు తగిలించుకుని మంచుకొండ సగందాకా ఎక్కాం. నలుగురిలో కొత్తదాన్ని నేనే. మమ్మల్ని నడిపించేది రూత్ అనే రిటైరైన టీచర్. ఎదురుగా నిటారు వాలు, దానిపైనే శిఖరం. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

రూత్ పారతో మంచులో గుంత తవ్వి చూపించింది. పైన గట్టి పొర, దాని కింద గుప్పిట్లో నిలవని పొడి మంచు. పై పొర జారిందంటే మనిషిని నిలువునా కప్పేస్తుంది.

"నువ్వు చెప్పు, వెళ్దామా?" అని రూత్ మొదట నన్నే అడిగింది. మా ఇంట్లో పెద్దవాళ్లు తేల్చేస్తే మేం తలూపేవాళ్లం. ఇక్కడ అనుభవం తక్కువున్నవాళ్లే ముందు చెప్పాలట, పెద్దల మాట విన్నాక మొహమాటపడకుండా. ఒక్కరు వద్దన్నా అందరూ వెనక్కే.

మిగతా ఇద్దరూ ఇలాంటి ఎండ కోసం వారమంతా ఎదురుచూశారు.

"ఇది పంచదార మీద స్లాబ్ వేసినట్టుంది. నాకైతే వద్దు," అన్నాను.

ఎవరూ నసగలేదు. రూత్ "థాంక్యూ" అని స్కీలు వెనక్కి తిప్పింది. చెట్ల మధ్య, వాలు తక్కువున్న చోట కేకలేసుకుంటూ దిగాం. కార్ల దగ్గర ఫ్లాస్కులోంచి మొదటి కప్పు కాఫీ నాకే ఇచ్చారు, శిఖరం ఎక్కొచ్చినదానికి ఇచ్చినట్టు.

ఆ మంచు తర్వాత జారిందో లేదో తెలీదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

సోమవారం ఆఫీస్‌లో "పైదాకా ఎక్కావా?" అని అడిగారు. "లేదు, నేనే అందర్నీ వెనక్కి తిప్పాను," అన్నాను. స్వెటర్‌కి కాలర్ లేదు గానీ, ఉంటే ఎగరేసేదాన్నే.