వెర్నెటా అక్క రెండో ఇంటర్వ్యూ

వెర్నెటా అక్క గుడారంలోంచి చర్చి బట్టల్లో బయటికి వచ్చింది. లాస్ ఏంజెలెస్ ఫ్రీవే వంతెన కింద ఆ స్కర్టును మడత చెదరకుండా ఎలా దాచిందో ఎదురు గుడారంలో ఉండే నాకే తెలియదు.

“ఇల్లు లేదని చెప్పుకోడానికి వెళ్తూ ఈ సింగారమేంటక్కా?”

“మాసిన బట్టల్తో వెళ్తే తెల్లోణ్ణి పాపం అంటారు. మన నల్లోళ్ళని తాగుబోతులంటారు.”

ఇరవై ఏళ్ళకు పైగా బడిలో వంట చేసిన మనిషి. పేటలో తెల్లవాళ్ళు ఇళ్ళు కొనడం మొదలయ్యాక అద్దె పెరిగి రోడ్డున పడింది. ప్రభుత్వం గది ఇవ్వాలంటే ముందు ఇంటర్వ్యూ. ఎన్ని బాధలు చెప్పుకుంటే అన్ని మార్కులు. పక్క గుడారం రాస్ తెల్లవాడు. అన్నీ ఏకరువు పెట్టి గది సంపాదించాడు. అక్క మాత్రం మొదటి ఇంటర్వ్యూలో ప్రతి ప్రశ్నకూ “బాగానే ఉన్నాను” అంది. ఇప్పుడు షుగర్ పుండు ముదిరింది. ఇంకా నేల మీదే పడుకుంటే పాదం తీసేయాల్సి వస్తుందన్నాడు డాక్టరు.

“నీ షుగర్ కన్నా నీ పొగరే ఎక్కువ. ఈసారైనా నిజం చెప్పు” అన్నాను దారిలో.

“నోర్మూసుకుని నడువు.”

ఆఫీసులో తెల్లమ్మాయి ప్రశ్నలు మొదలుపెట్టింది. అక్క పుండు సంగతి చెప్పింది. ఆ అమ్మాయి టైపు చేయడం ఆపి, పాత జవాబులు చూసింది.

“పోయినసారి ఏ జబ్బూ లేదన్నారు మేడమ్. ఏది నిజం?”

అక్క నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను.

“అప్పుడు చెప్పింది అబద్ధం.”

“ఎందుకు?”

“మా అమ్మ మీలాంటావిడకే ఒంట్లో బాగోలేదని నిజం చెప్పింది. పిల్లల్ని సాకే ఓపిక లేదని మా తమ్ముణ్ణి పట్టుకుపోయారు. మళ్ళీ చూళ్ళేదు. ఆఫీసువాళ్ళు అడిగితే బాగున్నామనాలని అమ్మ మాకు అన్నం పెడుతూ నేర్పింది.”

ఆ అమ్మాయి పాత జవాబులు మూసేసింది. “మొదటినుంచి అడుగుతాను. గది వస్తుందని మాటివ్వలేను” అంది.

“అడుగమ్మా.”

పడిపోతున్నారా అంది. అవునంది అక్క. రాత్రిళ్ళు భయమేస్తుందా అంది. అవునంది. స్నానానికీ, బాత్రూముకీ ఎవరైనా సాయం కావాలా అని అడిగింది.

అక్క నా చెయ్యి వదిలేసింది. నావైపు చూడలేదు.

“నువ్వు బయట నిలబడు.”

తలుపు దగ్గరగా వేసి నిలబడ్డాను. లోపల అక్క గొంతు మొదలైంది. మెల్లగా ఉంది, కానీ ఆగలేదు.