ఐరీన్ గారి పొయ్యి మీద మా పాలు

మొన్న శనివారం మేం గృహప్రవేశం చేశాం. పాలు బ్రహ్మాండంగా పొంగాయి. పరమాన్నం కూడా కుదిరింది. అయినా ఇవాళ మీరు టీ తాగుతున్నది మా పాత అద్దె ఫ్లాట్‌లోనే. ఎందుకో చెప్తాను. నవ్వాలనుకునేవాళ్ళు చివర్న నవ్వండి, మధ్యలో నవ్వితే తట్టుకునే ఓపిక నాకు లేదు.

ఈ సిడ్నీలో ఇల్లు కొనడమంటే ఏంటో మీకు తెలియంది కాదు. ఏడాదిగా ప్రతి శనివారం పొద్దున్నే పేపర్లో ప్రాపర్టీ పేజీలు పరుచుకోవడం, పెన్నుతో సున్నాలు చుట్టడం, కారేసుకుని తిరగడం. అందులో రాసే ఇంగ్లీషు నాకు అర్థం కావడానికే ఆర్నెల్లు పట్టింది. ‘రెనోవేటర్స్ డిలైట్’ అంటే గోడ మీద చెయ్యి వేస్తే చెయ్యి పక్క గదిలో తేలుతుందని. ‘క్లోజ్ టు ట్రాన్స్‌పోర్ట్’ అంటే రైలు మన బెడ్‌రూమ్‌లోంచే పోతున్నట్టుంటుందని. పైగా వడ్డీలు చూస్తే గుండె జారిపోతోంది. మా స్వాతి కారెక్కగానే “నాట్ అనదర్ హౌస్, డాడ్” అనేది. ఏడేళ్ళ పిల్ల, పాపం, దాని శనివారాలన్నీ ఎవరెవరివో బాత్‌రూములు చూడటంతోనే పోయాయి.

అలాంటప్పుడు దొరికింది క్వేకర్స్ హిల్‌లో ఈ ఇల్లు. ఇటుకల ఇల్లు, మూడు పడగ్గదులు, పెరట్లో నిమ్మచెట్టు. ఓనరు ఐరీన్ గారని ఒక పెద్దావిడ. భర్త పోయి రెండేళ్ళయిందట. బ్రిస్బేన్లో కూతురు రమ్మంటోంది, ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను అని ఆవిడే చెప్పారు. రేటు కుదిరింది. ఐరీన్ గారు మా ఆవిడ పద్మ చెయ్యి పట్టుకుని, “మీలాంటి ఫ్యామిలీకి అమ్ముతున్నందుకు సంతోషంగా ఉంది” అన్నారు.

ఇక అక్కణ్ణుంచి ఖర్చులు మొదలు. ఇంటి గోడలు గట్టివో కాదో చూడటానికి ఒకాయన, అతనికి ఫీజు. చెదలున్నాయేమో చూడటానికి ఇంకొకాయన, అతనికీ ఫీజు. ఇల్లు అంత విలువ చేస్తుందా అని చూడటానికి బ్యాంకు వాళ్ళొక మనిషిని పంపిస్తారు, వాళ్ళ అనుమానానికి కూడా ఫీజు మనమే కట్టాలి. ఇవి కాక కాగితాలు చూసే లాయరు, సొలిసిటర్. ఆయన ఫోనెత్తి ‘హలో’ అన్నా మీటరు తిరుగుతుంది. ఆ సొలిసిటర్ నాకు స్పష్టంగానే చెప్పాడు. “కాంట్రాక్టులు ఎక్స్‌ఛేంజ్ అయ్యేదాకా ఆ ఇల్లు నీది కాదు. ఇద్దరి సంతకాలూ అయి, కాగితాలు చేతులు మారేదాకా నువ్వైనా వద్దనచ్చు, ఆవిడైనా వద్దనచ్చు” అని.

బ్యాంకు జాప్యం చేయడంతో ఎక్స్‌ఛేంజ్ ఇంకో వారం వాయిదా పడింది. సరిగ్గా అప్పుడే మా సావిత్రి ఆంటీ ఫోను చేశారు. ఆవిడ మా ఊరి వైపు వాళ్ళే, తెనాలి. ఇక్కడ మన వాళ్ళందరికీ ముహూర్తాలు ఆవిడే చూస్తారు.

“ప్రసాదూ, ఈ శనివారం దాటితే మూఢం, ఆ పైన ఆషాఢం నాయనా. శ్రావణం దాకా మంచిరోజే లేదు” అన్నారు.

పద్మ వెంటనే అంది, “అయితే శ్రావణంలోనే చేద్దామండీ. సంతకాలు కాని ఇంట్లో పాలు పొంగించడమేంటి?”

నేను వింటేనా. “ఆవిడ మాటిచ్చింది కదా. ముందు అడుగుదాం, పోయేదేముంది” అన్నాను. పోయేదేముందో మీకు ఇప్పుడే లెక్క చెప్పానుగా, అదంతా పోయేదే.

ఐరీన్ గారిని అడిగాను. మీ వంటింట్లో కాసిని పాలు కాచుకుంటాం, మా ఆచారం అని. ఆవిడ సంబరపడిపోయి, “నేను స్కోన్స్ చేస్తాను” అన్నారు. అవే, జామ్ రాసుకుని తినే బన్నుల్లాంటివి.

శనివారం పొద్దున్నే వెళ్ళాం. మేము ముగ్గురం, సావిత్రి ఆంటీ, ఇంకో రెండు ఫ్యామిలీలు. పద్మ పట్టుచీర కట్టుకుని గుమ్మానికి పసుపు రాస్తుంటే పక్కింటాయన తన లాన్ కొయ్యడం ఆపి చూస్తున్నాడు. ఐరీన్ గారు పువ్వుల గౌనేసుకుని, మెడలో ముత్యాల దండతో, ఆవిడింట్లోనే పెళ్ళన్నట్టు నిలబడ్డారు.

తీరా చూస్తే పొయ్యి వెలగదు. పాత ఎలక్ట్రిక్ పొయ్యి. పద్మ తిప్పింది, నేను తిప్పాను. కాయిల్ చల్లగానే ఉంది. “ముహూర్తం దాటిపోతోంది” అని ఆంటీ కంగారు. ఐరీన్ గారు నవ్వుతూ వచ్చి, “దానికి నా చెయ్యే అలవాటు” అని నాబ్‌ని గట్టిగా లోపలికి నొక్కి, అటు ఇటు ఆడించి తిప్పారు. ఎర్రగా వెలిగింది. అంటే శాస్త్రప్రకారం పొయ్యి వెలిగించింది ఆవిడే. అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

పాలు పైకొస్తున్నాయి. ఐరీన్ గారు గబగబా గిన్నె దించబోయారు. “నో, నో, లెట్ ఇట్, లెట్ ఇట్” అని అందరం ఒకేసారి అరిచాం. ఆవిడ భయపడి వెనక్కి తగ్గారు. పాలు పొంగి, పొయ్యంతా కారి, మాడి, ఇల్లంతా ఆ వాసన. మేమేమో చప్పట్లు. ఆవిడ అయోమయంగా నా వైపు తిరిగి, “దీనికి అర్థమేంటి?” అని అడిగారు.

అక్కడ నోరు మూసుకోవాల్సింది. పొంగితే మంచిది, అంతే అని ఊరుకోవాల్సింది. నాకేమో పది మందిలో మాట్లాడే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుందో అనిపించింది. గొంతు సవరించుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఈ పొయ్యి మీద పాలు పొంగించిన మనిషిని ఈ ఇల్లు వదలదు, ఈ ఇంట్లో మనుషుల సందడికి లోటుండదు, ఇంటికీ మనిషికీ మధ్య ఇది పెళ్ళిలాంటిది. సావిత్రి ఆంటీ కూడా తలూపారు. ఐరీన్ గారు ఒకసారి ఆ పొయ్యి వైపు, ఒకసారి మా అందరి వైపు చూశారు. కళ్ళు తుడుచుకున్నారు. పరమాన్నం రెండుసార్లు పెట్టించుకున్నారు. స్వాతిని పక్కన కూర్చోబెట్టుకుని స్కోన్ మీద జామ్ రాసి తినిపించారు.

సోమవారం ఆ ఇల్లు అమ్మిపెడుతున్న ఏజెంటు ఫోను. “బ్యాడ్ న్యూస్, మేట్. ఆవిడ అమ్మనంటోంది.”

సాయంత్రం ఆవిడే మా ఫ్లాట్‌కి వచ్చారు, రైలెక్కి, చేతిలో ఫ్రూట్ కేక్‌తో. కూర్చుని, “నన్ను క్షమించండి. ఆయన పోయాక ఆ ఇంట్లో పది మంది గొంతులు వినపడటం అదే మొదటిసారి. మీరు చెప్పిందే రాత్రంతా ఆలోచించాను. పొయ్యి వెలిగించింది నేనే కదా. ఇల్లు నన్ను వదలట్లేదు” అన్నారు. ఓ గది యూనివర్సిటీ పిల్లలకి అద్దెకిస్తారట, తోడుగా ఉంటుందని. నా ఇంగ్లీషు సంగతి మీకు తెలుసుగా. ఆఫీసులో నేను ఏం చెప్పినా “సారీ?” అని రెండోసారి అడుగుతారు. ఈవిడకి ఒక్క ముక్క పొల్లుపోకుండా అర్థమైంది.

సావిత్రి ఆంటీకి చెప్తే, “ముహూర్తం దివ్యమైంది నాయనా, ఫలించింది చూశావుగా” అన్నారు.

ఇంతకీ అసలు సంగతి చెప్పలేదు. ఐరీన్ గారు వెళ్ళబోతూ గుమ్మంలో ఆగారు. “ఆ ఇన్‌స్పెక్షన్లకీ, సొలిసిటర్‌కీ మీకు చాలా అయ్యుంటుంది. చెప్పండి, నేనిస్తాను” అన్నారు. పద్మ నా వెనకే నిలబడి ఉంది. నేను నోరు తెరిచాను. లోపల లెక్క సిద్ధంగానే ఉంది. కానీ ఆ కేకు, ఆ కళ్ళు, ఆ వయసు. మొహమాటం అడ్డొచ్చి, “నో వర్రీస్, నో వర్రీస్” అన్నాను. రెండుసార్లు.

తలుపు మూశాక పద్మ కేకు కోసి నాకో ముక్క పెట్టింది. నిదానంగా అంది, “ఏవండీ, మీకు ఇంగ్లీషు రాకపోయుంటే ఈపాటికి మనకో ఇల్లుండేది.”

నేను ఇంకో ముక్క కేకు పెట్టమన్నాను. తెలుగులోనే.