నాయన చేతిలో నెబ్యులా ఫోటో

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. నేను హిందూపురంలో ఒక బడిలో సైన్సు చెబుతాను. రోజూ రైల్లో పోయి వస్తాను. ఆకాశం ఫోటోలు తీసే పిచ్చి నాకు పట్టినప్పుడు ఇరుగుపొరుగు నవ్వారు. నాయన నవ్వలేదు. పెనుకొండ అవతల, ఊళ్ల వెలుతురు తగలని ఒక చేనికి టెలిస్కోపు మోసుకుని నాతో వచ్చేవాడు. నా పని అయ్యేదాకా దుప్పటి కప్పుకుని పక్కనే కూర్చునేవాడు. కిందటి చలికాలం మాత్రం నడుం నొప్పి అంటూ రావడం మానేశాడు. నేత మాని మగ్గం కూడా దిగాడు. వయసు మీదపడింది, అంతే అనుకున్నాను.

ఆ చలికాలం ఒంటరిగా తీసిన ఒక నెబ్యులా ఫోటో, అంటే నక్షత్రాలు పుట్టే వాయుమేఘం ఫోటో, ఔత్సాహికుల పోటీలో మొదటి బహుమతి గెలిచింది. ఫోన్ వచ్చేసరికి బళ్లో ఉన్నాను. తోటి టీచర్లు మిఠాయి తెప్పించారు. సాయంత్రం స్టూడియోలో పెద్ద ప్రింటు వేయించి, నలగకుండా ఒళ్లో పెట్టుకుని రైల్లో ఇంటికొచ్చాను.

నాయన వరండాలో ఉన్నాడు. సంగతి చెప్పి ప్రింటు చేతికిచ్చాను. మొహానికి దగ్గరగా తెచ్చుకుని చాలాసేపు పట్టుకున్నాడు.

"బాగుండాది పాపా. చుక్కలు బాగా పడినాయి" అన్నాడు.

ఆయన మొహం ముందున్నది కాగితం వెనకవైపు. అక్కడ తెలుపు తప్ప ఏమీ లేదు.

పక్కన కూర్చుని, ఎన్నాళ్ల నుంచి అని అడిగాను.

"మగ్గం దిగినప్పటి నుంచి. చెప్తే నువ్వు చేనికి పోయేది మానుకుంటావని చెప్పల్యా."

మరునాడే కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నీటికాసులు, అంటే గ్లకోమా అన్నాడాయన. పోయిన చూపు ఇక రాదన్నాడు. నాయన తలూపాడు. తిరుగుదారిలో నేను ఏడుస్తుంటే, బహుమతి ఇచ్చేది ఎప్పుడని అడిగాడు.

బెంగళూరులో సభకు ఆయన్ను తీసుకెళ్లి ముందు వరుసలో కూర్చోబెట్టాను. హాల్లో దీపాలార్పి నా ఫోటో తెర మీద వేశారు. జనం చప్పట్లు కొట్టారు. నాయన చప్పుడు వినబడిన వైపుకు, వెనక్కి తిరిగాడు.

"ఇప్పుడు చూపిస్తాండారా పాపా?"

"అవును నాయనా."

ఆయన అలాగే, తెరకు వీపు పెట్టి, అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.