ఓడల అమావాస్య

జర దగ్గర కూసోండ్రి, చెప్త. ఇయ్యాల బిడ్డ పిలిచిన ఆటో యాడున్నదో చూపే చుక్క ఫోన్ల కదలకుంటే నాయిన ఓడ యాదికొచ్చింది.

గద్వాలల మాది మగ్గాల ఇల్లు. నాయిన మాత్రం సరుకుల ఓడల వంట చేస్తుండె. నా చిన్నప్పుడు ఒకేడు మోసేతందుకు సరుకు లేక ఓడలన్నీ సముద్రంల లంగరేసుకొని నిలవడ్డయి. మామ రోజు పొద్దుగాల ఫోన్ల నాయిన ఓడ యాడున్నదో చూపే చుక్కను చూస్తుండె.

"గాడనే ఉన్నదారా?" అంటుండె అమ్మ.

"గాడనే అక్కా."

మేం అమావాస్యకు మగ్గం ఆపుతం. "ఓడలకు గూడ అమావాస్యనా మామా?" అన్న.

"అవ్, జర పెద్దదే."

అమ్మ నవ్వలే.

ఒకనాడు నాయిన పెట్టె పట్టుకొని వచ్చిండు. నేను ఎగిరి దుంకిన. అమ్మ చెంబుతోని నీళ్లిచ్చి మగ్గం కాడికి పోయి కూసున్నది. ఆయన పని పోయిందని పెద్దయినంక సమజైంది.

మీ ఇంట్ల ఎవ్వరి చెయ్యి ఖాళీగ ఉండొద్దు, సల్లగుండ్రి.