వేటకెళ్ళిన నాన్న

మీ ఆయనెక్కడని ఎవరడిగినా అమ్మ ఒకటే జవాబు చెప్పేది.

"వేటకెల్లాడు."

మేము నర్సీపట్నం వైపు నుంచి ఏజెన్సీలోకి వచ్చినవాళ్ళం. నాన్న డొంకరాయిలో డ్యాము పని ఉందని నా చిన్నప్పుడే వెళ్ళారు. డ్యాము కట్టడం అయిపోయింది, కరెంటు కూడా వచ్చింది. నాన్న మాత్రం రాలేదు. అక్కడ ఇంకో సంసారం పెట్టారని బస్సు కండక్టర్లు టీ తాగుతూ చెప్పేవారు. అమ్మ వాళ్ళ గ్లాసుల్లో పంచదార తగ్గించేది.

జి.మాడుగుల రోడ్డు మీద, ఘాటెక్కిన బస్సులు ఇంజను చల్లార్చుకునే మలుపులో మా టీకొట్టు. వేట మాట అమ్మ కల్పించింది కాదు. చైత్రంలో ఇటుకల పండక్కి ఆ కొండ ఊళ్ళ మగవాళ్ళంతా అడవిలోకి వేటకు పోతారు. ఒట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు ఎదురొచ్చి పేడనీళ్ళు కుమ్మరిస్తారు. రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, బస్సులాపి పండగ చందా అడిగేదీ వాళ్ళే.

మాకు అడ్డాకులు తెచ్చి అమ్మే కొండామె ఏటా అడిగేది.

"అప్పా, మీవోడింకా రాలేదేటి? పేడ ఎండిపోతంది."

"పెద్ద జంతువేదో తగిలుంటాది సెల్లీ."

ఇద్దరూ నవ్వుకునేవారు. నేను పిండిడబ్బా వెనక పుస్తకం పట్టుకుని, నవ్వాలో వద్దో తేలక, చదివిన వాక్యమే మళ్ళీ చదివేదాన్ని.

నేను పదో తరగతిలో ఉండగా, సరిగ్గా ఆ పండగ రోజుల్లోనే, నాన్న బస్సు దిగారు. తెల్లచొక్కా, చంకలో సంచీ. నన్ను చూసి, "ఓలమ్మ, గుంట ఎంత ఎదిగిపోనాదో!" అన్నారు, తన కష్టం ఫలించినట్టు. వెళ్ళి గల్లాపెట్టె దగ్గర అమ్మ పీట మీద కూర్చున్నారు.

"ఆడది గల్లా కాడ కూకుంటే ఏటి బాగుంటాది? కొట్టు అమ్మీసి కిందకెలిపోదాం. గుంటకి సదివింది సాలు, సంబంధం సూద్దాం."

అమ్మ కడిగిన గ్లాసులే తీసి కడగసాగింది. నాకు భయం వేసింది అందుకే. మొగుడన్నవాడు ఎప్పుడొచ్చినా కాదనకూడదని మామయ్య అంతకు వారం ముందే కొండెక్కి వచ్చి మరీ చెప్పి, గారెలు తిని వెళ్ళాడు. కాదంటే అమ్మకి పుట్టిల్లు లేదు. అవునంటే కొట్టూ లేదు, నాకు బడీ లేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి. అమ్మ ఎన్నడూ పాలు పొంగనిచ్చిన మనిషి కాదు.

అప్పుడే చందా కోసం ఆడవాళ్ళు పాడుకుంటూ వచ్చారు. ముందర అడ్డాకుల ఆమె, చేతిలో బకెట్టు.

"ఎవులప్పా ఈ బాబు, నీ పీట మీద కూకున్నాడు?"

అమ్మ పాలు దించింది. చేతులు కొంగుకి తుడుచుకుంది.

"వేటకెల్లినోడు సెల్లీ. ఇయ్యాలే తిరిగొచ్చాడు."

పాట ఆగిపోయింది. అందరూ ఆయన చేతులకేసి చూశారు.

"ఏటి తెచ్చావు బాబూ?"

నాన్న తడబడుతూ సంచీ విప్పారు. లుంగీ, దువ్వెన, పొట్లంలో జిలేబీ. జిలేబీ వేట కిందకి వస్తుందా రాదా అని వాళ్ళలో చర్చ జరిగింది. న్యాయంగానే జరిగింది, ఒకామె రుచి కూడా చూసింది.

"పరిగెట్టనిది వేటెలాగవుతాది?" అంది అడ్డాకుల ఆమె. బకెట్టు లేచింది.

"ఏటి సేత్తన్నారు! నాను దాని మొగుణ్ణి!" అని అరిచారు నాన్న.

"మాకూ ఉన్నారు మొగుళ్ళు. ఆళ్ళకీ ఇదే."

ఆగి ఉన్న బస్సులో కిటికీలన్నీ తలలతో నిండిపోయాయి. ఆ రోజు డైరీలో నాన్న గురించి రాద్దామని కూర్చుంటే, పేజీ అంతా జిలేబీతోనే నిండిపోయింది.

అమ్మ ఆయనకి వేణ్ణీళ్ళు పెట్టింది, విప్పని కొత్త సబ్బు ఇచ్చింది. "పండగపూట ఎవుల్నీ మురికితో పంపకూడదు," అంది. పంపడమన్న మాట ఆయనకీ వినిపించినట్టుంది. స్నానం చేసి, లుంగీ కట్టుకుని, కిందకెళ్ళే బస్సెక్కారు. మలుపు దాటగానే కర్ర దగ్గర బస్సాపి, ఆయన దగ్గర కూడా చందా తీసుకున్నారట.

అమ్మ పీట కడిగి, ఆరకముందే దాని మీద కూర్చుంది. "గుంటా, టీలు బేగి పట్టుకెల్లు," అంది.

మామయ్యకి మాత్రం కబురంపింది: "నాను కాదనలేదు. ఇక్కడోళ్ళ ఆచారం అలాగున్నాది."

ఆ తర్వాత నాన్న ఊసు అమ్మ ఎత్తలేదు. ఒక్క స్నానానికి సగం సబ్బు అరిగిపోయిందని మాత్రం చాలా కాలం తిట్టింది.