కొండకెళ్ళిన కర్చీఫ్

శివరాత్రి సెలవు అందరికీ ఉంటుంది, రోగాలకు ఉండదు. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ దిగి పొద్దున్నే గుంటూరు బస్టాండుకు చేరేసరికి నా కాళ్ళు నా మాట వినడం లేదు. మా గోరంట్ల బస్సు కనబడగానే అలవాటుగా కిటికీలోంచి ఓ సీటు మీదకు కర్చీఫ్ విసిరాను. నేను తలుపు దగ్గరికి చేరేలోపే డ్రైవరు ముందరి బోర్డు మార్చేశాడు. ఇప్పుడది కొండ తిరునాళ్ళకు స్పెషల్. జనం విరగబడి ఎక్కారు. కర్చీఫ్ తెచ్చుకుందామన్నా కాలు పెట్టే చోటు లేదు.

"సిటీ బస్సులన్నీ కొండకే మేడమ్, సాయంత్రం దాకా రావు" అన్నాడు కంట్రోలరు, నా మొహం కూడా చూడకుండా. ఆటోలూ అటే పోయాయి. ఎవరి మొక్కులు వాళ్ళవి, కాదనను. కానీ ఎండలో ఇంటిదాకా నడుస్తూ నేను తిట్టని దేవుడు లేడు.

మర్నాడు మళ్ళీ నైట్ డ్యూటీ దిగి అదే బస్సెక్కి, సీట్లో కూలబడి, కర్చీఫ్ సంగతి కండక్టరును అడిగాను. సంచిలోంచి తీసిచ్చాడు.

"మీదేనాండీ? ఓ ముసలావిడ ఆ సీటు పక్కనే నిలబడి, 'ఎవరో పాపం, వెనక జనంలో ఇరుక్కుని ఉంటారు, వస్తార్లే' అంటూ ఎవర్నీ కూర్చోనివ్వలేదు."

"పోనీ, ఆవిడైనా కూర్చుందా?"

"ఎక్కడండీ! కొండదాకా నిలబడే వచ్చింది."

లేచి నిలబడాలనిపించింది. కాళ్ళు ఒప్పుకోలేదు.