చెప్పులు విప్పమన్న బస్సు షెల్టరు

వానాకాలం మొదట్లో సుగుణమ్మ టీచరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నర్సీపట్నం దాటాక రోలుగుంట రోడ్డులో ఒక పల్లెటూరి బడిలో ఆవిడ పనిచేసేవారు. 'మా ఏడో తరగతి పిల్లలు మూడు నెలలుగా ఊరి బస్సు షెల్టరును శుభ్రంగా చూసుకుంటున్నారు. దాన్ని మూసి ఎరువుల కొట్టుకు ఇవ్వాలని పంచాయతీ ఆలోచన. మంగళవారం సర్పంచి గారు చూడటానికి వస్తారు. పత్రికలో రాసే మీరూ ఉంటే పిల్లలకు ధైర్యం' అని రాశారు. ఇది 2003 నాటి మాట.

తెల్లవారుతూనే విశాఖపట్నంలో పాసింజరు ఎక్కాను. ఎనిమిదిన్నరకు నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో దిగాను. పేరు చూసి ఊరొచ్చేసిందనుకోకండి. అక్కణ్ణుంచి ఇంకో గంట బస్సు. నేను నిలబడే వెళ్లాను. నర్సీపట్నంలో బస్టాండు ఎదురుగా వేడి ఇడ్లీ తిని, తొమ్మిదీ ముప్పావుకు రోలుగుంట వైపు బస్సు పట్టుకున్నాను.

పక్క సీట్లో చెరుకు రైతు. దిగే ఊరు చెప్పగానే నవ్వాడు.

"ఆ షెల్టరు సూడ్డానికాండీ? అద్దంలాగుంటాది. మేం మాత్రం లోనికెల్లం."

"ఎందుకని?"

"ఎల్తే మీకే తెలుస్తాది లెండి."

పదిన్నరకు దిగేసరికి సన్నని తుంపర. షెల్టరు నిజంగా అద్దంలాగే ఉంది. తెల్లటి సున్నం, గోడ మీద ఒక్క కిళ్లీ మరక లేదు. అటూ ఇటూ కనకాంబరం మొక్కలు. కడిగిన గచ్చు మీద పెద్ద ముగ్గు. గుమ్మం పక్కన మేకుకు ఒక పలక: 'చెప్పులు బయట విడవండి'. లోపల మనిషి లేడు. ఎదురుగా టీ బడ్డీ టార్పాలిన్ పరదా కింద మాత్రం పదిహేను మంది ఒకరినొకరు తోసుకుంటూ సగం తడుస్తున్నారు.

"ఇంట్లోకి, చర్చిలోకి చెప్పులతో వెళ్తామా? ఇది కూడా మనదే అని చెప్పాను. ఆ పలక పిల్లలే పెట్టుకున్నారు," అన్నారు, పిల్లలతో ఎదురొచ్చిన టీచరు సంతోషంగా.

మెట్టు మీద ఒంటి చెప్పు పడి ఉంది. అదేమిటని పిల్లల లీడరు కుమారిని అడిగాను. "నిన్నటిదండి. బస్సొచ్చీసింది. ఒకావిడ ఒక్కటే తొడుక్కుని ఎక్కీసింది," అంది, తప్పంతా బస్సుదే అన్నట్టు.

పదకొండు దాటాక మోటారు సైకిలు మీద సర్పంచి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి లోపలంతా చూశాడు.

"బాగుందండీ టీచరుగారూ. కానీ మనిసేడీ? ఎవులూ కూకోని దాన్ని కొట్టుకిచ్చీస్తే తప్పేటి?"

పిల్లలు తలలు దించుకున్నారు. కుమారి ఒక్కతే రోడ్డు దాటి పరదా కిందికి పరిగెత్తింది. అక్కడ బెండకాయల గంపతో ఆ పిల్ల నాయనమ్మ నిలబడి ఉంది. ఆ పిల్ల మామ్మా అని పిలుస్తుంది.

"మామ్మా, లోనికి రాయే! సర్పంచిగారు సూత్తన్నారు."

"ఓలమ్మ! మొన్న నన్ను గెంటీసింది నువ్వు కాదేటే గుంటా? గంప దించి, సెప్పులిప్పి, బస్సొస్తే మల్లీ తొడుక్కుని... అంతసేపు డ్రైవరు ఆగుతాడేటి, ఆడు మీ మేనమావా?"

పరదా కింద అంతా నవ్వారు. కుమారి మొహం ఎర్రబడింది. తిరిగొచ్చి, గుమ్మం దగ్గర కాసేపు ముగ్గువైపు చూసింది. తర్వాత మేకు మీంచి పలక తీసి, తడి చేత్తో తుడిచేసింది.

"సెప్పుల్తోనే రండి! అందరూ రండి!"

ముందు మామ్మ వచ్చింది. ఆమె వెనక రైతులు, సంచులు, గొడుగులు. రెండు నిమిషాల్లో ముగ్గు బురదలో కలిసిపోయింది. వెనక ఒక పిల్ల కళ్లు తుడుచుకోవడం చూశాను.

"మరి ఈ మట్టంతా ఎవులు తీత్తారు?" అన్నాడు సర్పంచి.

"మేమేనండి. మురికవ్వకపోతే సీపురెందుకండి?" అంది కుమారి.

"నోరు సూడు గుంటకి!" అంది మామ్మ, అందరికీ వినబడేలా.

సర్పంచి నవ్వాపుకోలేకపోయాడు. "సరే, ఉండనీండి. కొట్టుకి ఏరే సోటు సూద్దాం," అంటూ బూట్లతోనే వచ్చి మామ్మ పక్కన కూర్చున్నాడు. టీచరు గుమ్మం దగ్గర అలవాటుగా చెప్పు విప్పబోయి, ఆగి, తొడుక్కునే లోపలికి వచ్చారు.

మధ్యాహ్నం టీచరుగారింట్లోనే భోజనం, గోంగూర పప్పు. మూడున్నర బస్సుకు ఆ షెల్టర్లోనే కూర్చుని వేరుసెనగ కాయలు ఒలుచుకున్నాను. చీపురుతో నిలబడ్డ కుమారి నా చేతివైపే చూస్తోంది. తొక్కలు జేబులో వేసుకున్నాను.

బస్సు కదిలాక కిటికీలోంచి చూశాను. ఆ పిల్ల మా అడుగుల బురద ఊడుస్తోంది. ఇంతలో ఎవరో పొలం కాళ్లతో గుమ్మం ఎక్కుతున్నారు. చీపురు పక్కకు జరిపి దారిచ్చింది. అది చూశాక ఆ షెల్టరు గురించి నాకు బెంగ లేకపోయింది.

మీరెప్పుడైనా అటు వెళితే అక్కడ కాసేపు కూర్చోండి. చెప్పులు విప్పక్కర్లేదు. వేరుసెనగ తొక్కలు మాత్రం జేబులో ఉంచుకోండి. నావి విశాఖపట్నం దాకా నాతోనే వచ్చాయి.